సువర్చల చెప్పిన ముగింపులు

మార్గశిర మాసమున మంచుతెరలను మడిచి మూలబెట్టిన సూర్యభగవానుడు తన తీక్ష్ణతనెల్ల గ్రీష్మమునకై దాచుకొని బిడ్డ తల నిమురు తల్లి కరతలమువలె చీరాల పట్టణపు పెంకుటిండ్ల యరుగులను వెచ్చవెచ్చగా తాకుచుండ, ప్రహరీగోడల వెంబడి బంతిపూలు పసుపుముద్దలై విరిసియుండ, దవ్వుల నుండి మగ్గముల చప్పుడు జోలపాటవలె వినవచ్చుచుండ, ఒక యింటి యరుగుమీద ఇరువురు స్త్రీలు చిక్కుడుకాయల రాశిని నడుమ నిడుకొని కూర్చుండియుండిరి. ఈనెలు తీయుచున్న వృద్ధ బాలాత్రిపురసుందరమ్మ. ఈనెలు తీయుచున్నట్లు నటించుచు ఒడిలో పుస్తకము నుంచుకొనిన యామె కోడలు సువర్చల.

త్రిపురసుందరమ్మ కన్నులకు శుక్లములు క్రమ్మి కొన్నేండ్లాయెను. చిక్కుడుకాయకు చూపు అక్కరలేదు గాని అక్షరమునకు కావలయును గదా. అందువలన కోడలు ఉదయమున చదివిన దానిని మధ్యాహ్నమున అత్తకు చెప్పుట ఆ యింటి యాచారమయ్యెను. ఉన్నదున్నట్లు చదివి వినిపింపబోయిన తొలినాడే యామె చేయి యడ్డుపెట్టి “ఆ వెన్నెల సంగతి నాకేల? ఎవరు ఎవరితో ఏమనిరో అది చెప్పవే!” యని గద్దించినది.

పుస్తకములను తెచ్చువాడు సువర్చల భర్త చిదంబరరావు. విద్యుచ్ఛాఖలో నుద్యోగి యగు నతడు ఇల్లు చేరుత్రోవలో గ్రంథాలయమున దిగి అట్ట గట్టిగా నున్నదా లేదా యను నేకైక విమర్శసూత్రము ననుసరించి చేతికందినది తెచ్చుచుండెను. తత్ఫలితముగా పట్టభద్రురాలగు సువర్చల వేదాంతమును వేటకథలను ఒకే వారమున చదువవలసివచ్చెను. చదివి ఊరకుండు స్వభావము కాదామెది. జగత్తు మిథ్యయని బారెడు గ్రంథమున నిరూపించిన పండితుడు పీఠికలో వేళకు కాఫీ యందించిన భార్యకు కృతజ్ఞత తెల్పుట చూచి, ఆ కాఫీయును మిథ్యయేనా యని గోడనడిగెను. తెల్లవారుజామున లేచువారెల్లరు కుబేరులగుదురని బోధించు పుస్తకమును చదివి, అట్లయినచో మన వీధిలోని ఆడువారందరును ఈపాటికి మేడలు కట్టవలసినదే యని దానిని మినపపప్పు డబ్బాపై మూతగా నుంచెను. పేరెరుగని కవి యొకడు వాననుగూర్చి వ్రాసిన చిన్ని పద్యము మాత్రము దినమెల్ల నామె పెదవులపై నాడి పప్పును మాడ్చినది. చిదంబరరావు విస్తరిముందు కూర్చుండి “నేడు కవిత్వము కాబోలు” ననుకొని భుజించెను.

ఇట్లుండగా నొకనాడు నళిని యను కన్యక కథ వచ్చెను. సవతితల్లి బాధలును ప్రియుని పిరికితనమును ఓర్చి ఓర్చి కడపటి యధ్యాయమున నామె నదిలో పడి మరణించును. ఆ రచయితపై కోపమున సువర్చల ఆ పూట కూర వండలేదు. మధ్యాహ్నము కథ నదీతీరమునకు రాగానే త్రిపురసుందరమ్మ చేతిలోని కాయను గట్టిగా పట్టుకొని “ఏమే, ఆ పిల్లకేమియు కాదు గదా?” యనెను. పొరలు క్రమ్మిన యా కన్నులలో నీరు నిలుచుట చూచి, నళినిని ముంచుటకు సువర్చలకు నోరాడలేదు. ఎక్కడనుండియో ఒక జాలరి వచ్చెను. పిరికి ప్రియునికి బుద్ధి వచ్చెను. పెండ్లి జరిగెను. అత్తగారు కొంగుతో కన్నులొత్తుకొని “ఎంత చల్లని చేయి యా వ్రాసినవానిది!” యని దీవించెను.

ఆనాటినుండి సువర్చల చేయి తిరిగెను. అపరాధపరిశోధన నవలలో కోడలికి విషము పెట్టినది అత్తగారే యని తేలగా, ఎదుట కత్తిపీట నుండుట గమనించి ఆ నేరమును ఒక ప్లీడరు మెడకు చుట్టెను. చరిత్రగ్రంథమున దొడ్డిదారిని పారిపోయిన రాజును పారిపోనిచ్చి యుద్ధమును రాణిచేత గెలిపించెను.

అంతలో త్రిపురసుందరమ్మ కొక కంటికి శస్త్రచికిత్స జరిగెను. కట్టు విప్పి క్రొత్త కళ్లజోడు తగిలించుకొని యిల్లు చేరినతోడనే యామె యనెను: “అమ్మాయీ, ఇకమీదట నిన్ను బాధపెట్టను. నీవు చెప్పిన పుస్తకములనెల్ల నేనే చదువుకొందును. ముందుగా ఆ నళిని కథ తెమ్ము.”

 తిట్లకు జంకునది కాదు సువర్చల; ఆమె భయము వేరు. “తరువాతనేమైనదే?” యని పసిదానివలె మొగమెత్తి యడుగు అత్తగారు, ఇక తాను చెప్పు ఏ మాటనైనను నమ్మునా? ఆ యొక్క ప్రశ్న నశించినచో అరుగున మిగులునది చిక్కుడుకాయలే.

“దానిని గ్రంథాలయమునుండి ఎవరో పట్టుకొనిపోయిరట, అత్తయ్యగారూ.”

ఆ పలుకు చల్లారకమునుపే చిదంబరరావు క్రొత్తప్రతి కొని తెచ్చి తల్లి చేత నుంచెను. సువర్చల అతనిని వంటయింటిలోనికి పిలిచి “ఏమండీ, ఇన్నేండ్లకు అట్ట చూడక పుస్తకము తెచ్చితిరి. ఆ బుద్ధి ఇప్పుడే పుట్టవలెనా?” యనెను. అతడు దిగ్భ్రాంతుడై “అమ్మ మెచ్చుకొన్న కథయే కదే!” యని చేతులు నలుపుకొనెను.

త్రిపురసుందరమ్మ కూడబలుకుకొనుచు చదువసాగెను. ఆపినచోట కరెంటు బిల్లు నుంచుట యామె పద్ధతి. ఆమె స్నానమునకు పోవుచుండ సువర్చల నిత్యమును ఆ బిల్లును కొన్ని పుటలు వెనుకకు జరుపుచుండెను.

“ఈ వ్రాసినవాడు చెప్పినదే చెప్పుచున్నాడేమే?” యని అత్తగారు విసుగుకొనెను.

“పెద్ద రచయితలకది యలవాటే నండి” యని కోడలు చారు తిరుగబోసెను.

కాని వృద్ధురాలు ఒకనాడు బిల్లును నమ్ముట మాని పుట కొసను మడిచెను. అటుపిమ్మట కథ ఆగలేదు. ఒక సాయంసమయమున ఆమె తుదిపుట చదివి పుస్తకము మూసి ఒళ్లో నుంచుకొని చాలసేపు వీధివంక చూచెను.  మజ్జిగయన్నము తిని పరుండెను. 

మరునాటి మధ్యాహ్నము ప్రక్కవాటాలోనికి క్రొత్తగా వచ్చిన మంగతాయారు అరుగెక్కి “పిన్నిగారూ, చూపు వచ్చినదట గదా! ఏదీ, ఒక కథ చదివి వినిపింపుడు” అనెను. త్రిపురసుందరమ్మ నళినిని తెరచి, కథ మొదలు నోటితో చెప్పి, తుది యధ్యాయమును పైకి చదువనారంభించెను. గడప లోపల సువర్చల గరిటె పట్టుకొని కొయ్యబారెను. నది వచ్చెను. నళిని నీటిలో నడుగిడెను. మంగతాయారు “అయ్యో, పిన్నిగారూ!” యని ఆమె మోచేయి పట్టుకొనెను.

త్రిపురసుందరమ్మ జోడు సవరించుకొనెను.

“…మునిగిన నళిని గుక్కెడు నీరు మ్రింగినంతనే ఆమెకు బుద్ధి వచ్చెను. ఆమెకు ఈత వచ్చును. రెండు బారలు వేసి గట్టెక్కి కొంగు పిండుకొని, గట్టుమీద నేడ్చుచున్న ఆ చవటను కన్నెత్తియైనను చూడక తిన్నగా రైలెక్కి పట్నము పోయి పంతులమ్మ యయ్యెను.”

“పెండ్లి కాలేదా?” యని మంగతాయారు.

“ఎందుకే, వాడితోనా!” యని త్రిపురసుందరమ్మ పుస్తకము మూసెను.

సువర్చల గడప దాటి వచ్చి తడబడుచు “అత్తయ్యగారూ, పుస్తకమున నట్లే యున్నదా?” యనెను.

ముసలియామె కళ్లజోడు పైనుండి కోడలిని తేరిపార జూచి “నాకట్లే కనబడుచున్నది. క్రొత్త కన్ను గదా!” యని, చాపమీద నించుక జరిగి ప్రక్కన చోటిచ్చి “ఇటు కూర్చుండుము. ఆ ప్లీడరు కథ మాత్రము నీవే చెప్పవలెను. తాయారు వినలేదు” అనెను.

సువర్చల కూర్చుండెను. కథ మొదలిడెను. నదులను లోతుగా వ్రాయుట గ్రంథకర్తల యధికారము కావచ్చును గాని, ఆ యరుగుమీద మాత్రము ఎవ్వరును మునిగిపోవుటకు వీలులేకపోయెను.