ఫిల్టరుకు నేర్పిన పాఠం

...అయినా ఆ రోజు చెయ్యి జారిందని చెప్పుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు, అనుకుంది ఆమె, చల్లారిన టీని మూడోసారి పెదవుల దాకా తీసుకెళ్ళి దించేస్తూ. కానీ జారలేదు. చెయ్యి తనదే, కోపమూ తనదే.

సర్వర్ డిస్కు తొంభై ఆరు శాతం నిండింది. ముప్ఫై ఎనిమిది సంస్థల మెయిళ్ళు ఆ ఒక్కదాంట్లోనే: బడులు, ఆస్పత్రులు, ఒక గ్రంథాలయం. చెత్త మెయిళ్ళు వెళ్ళి పడే స్పామ్ ఫోల్డర్లను మూడింటికల్లా ఖాళీ చెయ్యకపోతే ఎవరికీ కొత్త మెయిలు రాదు. ఇప్పుడు రెండూ నలభై.

"ఇంకా చూస్తున్నావేంటమ్మా, చెత్తలో ముత్యాలేరుతున్నావా?" అన్నాడు పక్క బల్ల పెద్దాయన. "ఊడ్చెయ్. అందరూ బట్టతల మీద జుట్టు మొలిపిస్తామనేవాళ్ళే. నేనొకసారి నమ్మాను, ఫలితం చూస్తూనే ఉన్నావుగా."

నవ్వింది. చూపు మాత్రం తెర మీంచి తిప్పలేదు.

ఊడ్చేముందు పైపైన ఓసారి చూడ్డం ఆమె అలవాటు. అలా చూస్తుంటేనే అక్క చిరునామా కనిపించింది. తొమ్మిది సార్లు. తొమ్మిదీ టీచరు ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులు, ఈ సర్వర్ మీదున్న బడులకే. ఒక్కటీ ఎవరూ తెరవలేదు.

నెలన్నర కిందట అక్క ఆమెకొక పొడుగాటి మెయిలు రాసింది. 'అమ్మ ఆస్పత్రిలో ఉన్న వారం రోజులూ నువ్వెక్కడున్నావు' అని మొదలుపెట్టింది. రెండో వాక్యం దాకా చదివి 'ఇది స్పామ్' అన్న మీట నొక్కేసింది తను. మామూలు వాళ్ళు నొక్కితే వాళ్ళొక్కరికే వర్తిస్తుంది. సర్వర్ని నడిపే తనలాంటి అడ్మిన్ నొక్కితే, చెత్తను ఏరిపారేసే ఫిల్టరు పాఠం నేర్చుకుంటుంది, ఈ మనిషి రాసేదంతా చెత్తేనని, అందరి తరఫునా. ఆ సంగతి తనకు తెలుసు. ఆ క్షణంలో గుర్తుందా? అదే తేలడం లేదు.

"మీ అక్క ఆశ వదిలేసుకుందే," అంది అమ్మ మొన్న ఫోన్లో. "పదిహేనేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, కనీసం వద్దని కూడా అనరా అని ఒకటే కుమిలిపోతోంది."

"ఇస్తార్లే అమ్మా, దానికేం తక్కువ," అని ఓదార్చింది తనే.

ఫిల్టరు చేత పాఠం మరిపించడం ఎంతసేపు. తొమ్మిదింటినీ ఎంచి చేరాల్సిన చోటికి పంపింది. ఎవరికీ తెలియదు. అక్క తన అదృష్టం తిరిగిందనుకుంటుంది. అనుకోనీ.

తేదీలు చూసింది. ఎనిమిదింటికి గడువు దాటిపోయింది. తొమ్మిదోదానికి ఈ సాయంత్రమే ఆఖరు. పాత తేదీతో వెళ్ళిన మెయిలు వందల మెయిళ్ళ కింద ఎక్కడో పడుంటుంది. అక్కే ఆ బడికి ఫోన్ చేసి అడగాలి. అడగాలంటే అక్కకి తెలియాలి.

లేచింది, కూర్చుంది. ఖాళీ సీసా ఎత్తి తాగబోయింది. మెషీన్ తప్పు చేసిందని చెప్తే? మెషీన్లకి నోరు లేదు, ఎవరేమన్నా పడతాయి. అక్క నమ్ముతుంది కూడా. ఆ నమ్మడమే భరించలేననిపించింది.

"అయిందా?" అన్నాడు పెద్దాయన.

"అయింది బాబాయ్," అంటూ ఖాళీ చేసే మీట నొక్కింది. శాతాలు దిగుతున్నాయి. తొంభై, ఎనభై నాలుగు. ఆఖరు అంకె చూడకుండానే ఫోను తీసుకుని మెట్ల దగ్గరికి నడిచింది. నాలుగుసార్లు మోగింది.

"ఏంటే, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

"అక్కా, ఒక నంబరు చెప్తా, రాసుకో," అంది. "తర్వాత ఎంతైనా తిట్టు. నీ దరఖాస్తులు ఎవరికీ చేరలేదు. ఆపింది నేనే."