పొగమంచు మింగిన ఆట

మా జట్టు ఓడిపోతున్నప్పుడు దేవుడు ఎన్నడూ సాయానికి రాలేదు. ఒక్క ఆ ఫిబ్రవరిలోనే వచ్చాడు. రాకుండా ఉంటే ఎంత బాగుండేదో.

నేను పెన్‌డోమెన్ ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శిని. మా ఆయన చనిపోయిన ఏడాది ఆ పని ఎవరూ తీసుకోనంటే "కొన్నాళ్ళు చూడు నెరిస్" అని నా చేతిలో పెట్టారు. ఆ కొన్నాళ్ళకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు. ఫారాలు నింపాలి, ఫుట్‌బాల్ సంఘానికి ఉత్తరాలు రాయాలి, జెర్సీలు ఉతకాలి, ఆట అయ్యాక అవతలి జట్టుకి టీ పోసి తిండి పెట్టాలి. ఉత్తర వేల్స్ కొండల్లో మాదొక చిన్న ఊరు. పలకరాతి గని ఎప్పుడో మూతపడింది. రాతి గుట్టలూ వానా ఈ జట్టూ మిగిలాయి.

దేశపు కప్పు పోటీకి ఏటా ఆగస్టులో పేరు ఇస్తాం. ఏటా మొదటి ఆటలోనే ఓడి ఇంటికొస్తాం. ఓడితే మళ్ళీ ఆడేది లేదు, ఆ ఏటికి అంతే. ఆ సంవత్సరం ఎందుకో ఓడలేదు. నాలుగు ఆటలు గెలిచి చివరి ఎనిమిది జట్లలోకి వచ్చాం. చీటీ తీస్తే దక్షిణాది నుంచి ట్రెవోరన్ అనే పెద్ద క్లబ్ మా మైదానానికే రావాలని వచ్చింది. వాళ్ళని గెలిస్తే సెమీఫైనల్. పట్నంలో పెద్ద స్టేడియం, టీవీ, ఇరవై వేలమంది జనం. మా ఊరు పుట్టాక అంత దూరం వెళ్ళినవాడు లేడు.

ఆ సెమీఫైనల్ కోసం ఊరంతా ఆశపడింది, కానీ టెక్విన్ ఆశ వేరు. పాల లారీ నడుపుతాడు. వయసు ముప్పై ఆరు. పంతొమ్మిదేళ్ళుగా మా వెనక వరసలో గోడలా నిలబడుతున్నాడు. కుడి మోకాలు అరిగిపోయింది. మే నెలలో ఆట మానెయ్యకపోతే మెట్లు కూడా ఎక్కలేవని డాక్టరు చెప్పేశాడు.

"ఒక్క సెమీఫైనల్ ఆడనియ్యి ఆంటీ," అనేవాడు నాతో. "ఆ తర్వాత ఈ మోకాలిని కోసి కుక్కలకి వేసినా నాకేం అక్కర్లేదు."

మా ఊళ్ళో పిల్లలందరికీ నేను ఆంటీనే. వీడు ఆరేళ్ళప్పటినుంచీ అలాగే పిలుస్తున్నాడు.

కప్పు ఆటకి రెండు వారాల ముందు ఒక లీగ్ ఆటలో వాడు ఎవడి కాలో తన్ని ఎర్ర కార్డు తెచ్చుకున్నాడు. శిక్ష ఒక్క ఆట. సరే, మధ్యలో శనివారం పక్క ఊరితో లీగ్ ఆట ఉంది, అది మానేస్తే కప్పుకి హాయిగా రావచ్చు. ఆ శనివారం టెక్విన్ మా పక్కన బల్ల మీద కూర్చుని చిప్స్ తిన్నాడు. వాడు లేని జట్టు ఎలా ఉంటుందో ఆ రోజు చూశాం. డెబ్బై నిమిషాలకి నాలుగు సున్నాతో వెనకబడ్డాం.

అప్పుడు గుట్టల మీంచి పొగమంచు దిగింది. ముందు దూరపు గోల్‌స్తంభాలు మసకబారాయి. మా వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. "కనపడట్లేదు! బంతి కనపడట్లేదు!" అని ఒకడు మొదలుపెట్టాడు. నిమిషంలో ఊరంతా అందుకుంది. కోచ్ ఇద్వల్ మా ఆయన తమ్ముడే. అరవై ఏళ్ళ మనిషి గుడ్డివాడిలా చేతులు చాపుకుని గీత వెంట నడిచాడు. టెక్విన్ అందరికంటే గట్టిగా అరిచాడు. రిఫరీ విసిగిపోయి నా దగ్గరికి వచ్చాడు.

"కార్యదర్శి గారూ, మీరు చెప్పండి. ఆ చివర గోల్ కనిపిస్తోందా?"

"మీరే సరిగా కనిపించట్లేదు బాబూ," అన్నాను.

నాకు గోల్ వలకి పడిన చిల్లు కూడా కనిపిస్తోంది. రిఫరీ ఈల ఊది ఆట ఆపేశాడు. ఆ నాలుగు గోల్సూ గాలిలో కలిశాయి. సాయంత్రం క్లబ్బులో గెలిచినదానికంటే ఎక్కువ నవ్వుకున్నాం.

మా ప్రాంతంలో ప్రతి ఊరికీ సొంత పత్రిక ఉంటుంది. మేమే రాస్తాం, ఊరి ప్రార్థన మందిరం వెనక గదిలో బల్లల చుట్టూ కూర్చుని మేమే మడతపెడతాం. పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు, ఎవరి ఇంట్లో గుమ్మడికాయ పెద్దది కాసింది, అన్నీ అందులో ఉంటాయి. ఫుట్‌బాల్ అరపేజీ నాది. ఆదివారం కూర్చుని పొగమంచు కథ రాశాను. నా జన్మలో అంత బాగా రాయలేదు. రిఫరీకి ఏం చెప్పానో రాశాను. ఇద్వల్ గుడ్డి నడక రాశాను. చివర్లో, "శిక్షలో ఉన్న మన టెక్విన్ చిప్స్ తింటూ అందరికంటే గట్టిగా గోల చేశాడు" అని కూడా రాశాను. శుక్రవారానికి పత్రిక వచ్చింది.

అదే శుక్రవారం సాయంత్రం నేను జట్టు పేర్లు రాస్తుంటే టెక్విన్ వచ్చాడు.

"ఆంటీ, నా శిక్ష అయిపోయినట్టేగా?"

"పోయిన శనివారం ఆడావా?"

"లేదు."

"మరింకేంటి? అయిపోయింది. పోయి పడుకో."

తల ఎత్తకుండా చెప్పాను. వాడి పేరు ఐదో నంబరు పక్కన రాసి సంతకం చేశాను.

మర్నాడు ట్రెవోరన్ వాళ్ళు మమ్మల్ని ఎనభై నిమిషాలు నమిలేశారు. బంతి మా సగం దాటింది తక్కువ. ఎనభై ఒకటో నిమిషంలో మాకొక కార్నర్ దొరికింది. టెక్విన్ కుంటుకుంటూ ముందుకు వెళ్ళాడు. బంతి వచ్చింది, ముగ్గురి మధ్యలోంచి ఎగిరి తలతో కొట్టాడు. పంతొమ్మిదేళ్ళలో కప్పులో వాడి మొదటి గోల్ అది. ఇంకెవరూ కొట్టలేదు. ఈల ఊదగానే ఇద్వల్ బురదలో చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు.

టీ దగ్గర ట్రెవోరన్ కార్యదర్శి రోలండ్స్ ఒక మూల నిలబడ్డాడు. పెద్దమనిషి. ఓడినా మర్యాదగా మా ఎండుద్రాక్షల రొట్టె మెచ్చుకున్నాడు. వాళ్ళమ్మది మా వైపేనట, ఊరి పత్రికలంటే ఇష్టమట. ఒకటి తీసి నేనే ఆయన చేతిలో పెట్టాను.

"ఆరో పేజీ చదవండి," అన్నాను. "మావాళ్ళ తెలివి తెలుస్తుంది."

సోమవారం సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. ఆగిపోయిన లీగ్ ఆటని మార్చి పద్నాలుగున మొదటినుంచీ ఆడాలట. క్యాలెండర్‌లో రాసుకుంటూ ఉంటే చెయ్యి ఆగింది. మొదటినుంచీ ఆడాలంటే ఆ ఆట ఇంకా జరగనట్టే. జరగని ఆటలో టెక్విన్ శిక్ష ఎలా అనుభవించాడు? నిబంధనల పుస్తకం తీశాను. నలభై మూడో పేజీలో ఉంది, ఒక్క వాక్యం: పూర్తికాని ఆట శిక్షలో లెక్కకు రాదు. ఇరవై రెండేళ్ళలో ఆ వాక్యంతో నాకు పని పడలేదు.

కప్పు ఆట మీద ఫిర్యాదు చెయ్యాలంటే బుధవారం సాయంత్రం ఐదు లోపల చెయ్యాలి. ఆ తర్వాత ఎవరు ఏం కనిపెట్టినా ఫలితం మారదు. నేనే సంఘానికి ఫోన్ చేసి తప్పు ఒప్పుకోవాలి. అదే న్యాయం. నేను చెయ్యలేదు. రెండు రోజులు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను.

మంగళవారం ఇద్వల్ వచ్చాడు. "వదినా, మూడు బస్సులు చాలవు. ఐదు మాట్లాడనా?"

"ఎల్లుండి దాకా ఆగు."

"ఎందుకు?"

"ఊరికే. ఆగమంటే ఆగు, ఇద్వల్!"

"నీకేమైంది? గెలిచినా మొహం మాడ్చుకునే ఉంటావా?" అని గొణుక్కుంటూ పోయాడు.

బుధవారం నాలుగింటికి ఫోన్ మోగింది. రోలండ్స్.

"నెరిస్ గారూ, మీ ఆరో పేజీ చదివి నేనూ మా ఆవిడా కడుపుబ్బ నవ్వుకున్నాం," అన్నాడు. "కానీ ఆఖరి వాక్యం దగ్గర ఆగాను. మా కమిటీ వాళ్ళకి చూపించకుండా ఉండలేకపోయాను. ఉత్తరం పంపించేశాం. మీకు నేనే చెప్పాలనిపించింది."

నేను థాంక్స్ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆ తర్వాతి వారం విచారణ. టెక్విన్ తనూ వస్తానన్నాడు. చావులకి వేసుకునే నల్ల కోటు వేసుకుని తన బండిలో నన్ను తీసుకెళ్ళాడు. దారంతా పొలాల గురించే మాట్లాడాడు. గదిలో ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళ ముందు బల్ల మీద మా ఊరి పత్రిక. నేను రాసింది వాళ్ళు పైకి చదివారు. అక్కడ ఎవరికీ నవ్వు రాలేదు.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "క్లబ్ సంగతి తేలిపోయింది. కప్పు నుంచి తొలగించక తప్పదు. ఇక తప్పు ఎవరిదన్నది మిగిలింది. శిక్ష అయిందో లేదో ఈ అబ్బాయి మిమ్మల్ని అడిగాడా?"

నేను నోరు తెరిచేలోపే టెక్విన్ అన్నాడు: "అడగలేదండీ. అయిపోయిందనుకుని నేనే ఆడేశాను. ఆవిడకేం తెలీదు."

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "నిజమేనా?"

అడిగాడని చెబితే నా పదవి పోతుంది, జన్మలో ఏ క్లబ్బులోనూ కలం పట్టుకోనివ్వరు. వాడు మిగతా లీగ్ ఆటలు, తొమ్మిదీ ఆడుకుంటాడు. ఇవన్నీ నాకు ఆ క్షణంలో స్పష్టంగా తెలుసు. తెలియలేదని అబద్ధం చెప్పను.

నేను తల ఊపాను.

ఆ కప్పు ఆటని రద్దు చేసి, పోటీ నుంచి మమ్మల్ని తీసేశారు. ట్రెవోరన్ మా చోటులోకి వెళ్ళింది. అడిగి తెలుసుకోనందుకు టెక్విన్ సీజన్ అయ్యేదాకా ఆడకూడదన్నారు. అంటే వాడికి ఇక ఎప్పటికీ అన్నమాట.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక అడిగాను. "ఎందుకురా అలా అన్నావు?"

"నిన్ను తీసేస్తే ఈ ఫారాలన్నీ ఎవరు నింపుతారు? ఇద్వల్ మామా? ఆయన కళ్ళజోడు ఎక్కడుందో ఆయనకే తెలీదు."

"తొమ్మిది ఆటలు పోయాయిరా నీకు."

"మోకాలికి మంచిదేలే."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. వాన మొదలైంది. వైపర్లు వేశాడు. ఊరి మొదటి ఇళ్ళు కనిపిస్తుండగా, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు:

"నువ్వు తల ఊపుతావనుకోలేదు ఆంటీ."

ఇంటి ముందు ఆపి, నేను దిగేటప్పుడు తలుపు తీసి పట్టుకున్నాడు, ఎప్పటిలాగే.

ఊళ్ళో నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని. ట్రెవోరన్ సెమీఫైనల్లో ఐదు సున్నాతో ఓడిపోయిన రోజు కూడా ఎవరూ ఏమీ అనలేదు. టెక్విన్ మైదానానికి రావడం మానేశాడు. శనివారాలు కూడా లారీ తీస్తున్నాడు.

మే నెలాఖరుకి సీజన్ వివరాలు సంఘానికి పంపాలి. ఒక్కో ఆటగాడికి ఒక్కో వరస. రద్దయిన ఆటని, అందులో కొట్టిన గోల్‌ని చూపకూడదని అచ్చులో స్పష్టంగా ఉంది. టెక్విన్ పేరు రాశాను. కప్పు గోల్స్ అన్న గడిలో సున్నా చుట్టాను. పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను అన్న చోట సంతకం పెట్టి, పోస్టులో వేసి వచ్చాను.