పరదా ఎవరిది?

నేను ఒక పాత కంప్యూటర్ని. సిగ్గుతో ఎర్రబడదామన్నా కుదరదు, నా తెరకున్నవి నలుపూ తెలుపే. ఎక్కడెక్కడో ముక్కలుగా పుట్టి, మద్రాసులో ఒకటిగా బిగిసి, విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఇరుకు గదికి చేరాను. అక్కడ పరంజ్యోతి, గుప్తేశ్వరరావు అనే ఇద్దరు స్నేహితులు శుభలేఖలు కంపోజ్ చేసేవారు. కుర్చీ ఒక్కటే. ఒకడు మౌస్ పట్టుకుంటే రెండోవాడు వెనక నిలబడి తప్పులు పట్టేవాడు.

ఒకసారి ఇద్దరూ హైదరాబాదులో కంప్యూటర్ల ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చారు. చెప్పులైనా విప్పకుండా నా ముందు కూలబడ్డారు.

"చూశావట్రా, మాట మీద నొక్కగానే కిందకి లిస్టు ఎట్టా జారిందో?" అన్నాడు పరంజ్యోతి.

"మనం 'క' మీద నొక్కితే గుణింతమంతా అట్టా జారాలిరా," అన్నాడు గుప్తేశ్వరరావు.

నిద్రాహారాలు మానేసి ఇద్దరూ దాన్ని సాధించారు. కిందకి జారే ఆ పట్టీకి 'పరదా' అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లోని కంపోజింగ్ షాపులన్నీ దానికోసం ఎగబడ్డాయి. ఎగ్జిబిషన్ మాట మాత్రం ఆ గదిలో మళ్లీ వినబడలేదు. ఒక పత్రికవాళ్లు వచ్చి, పరదా ఆలోచన ఎవరిదని అడిగారు. ఆ రోజు పరంజ్యోతి ఊళ్లో లేడు. గుప్తేశ్వరరావు తనదేనన్నాడు, అలాగే అచ్చయింది.

అంతే, స్నేహం బెడిసికొట్టింది. పరదా తయారుచేసినవాడిగా తెర మీద మొదట కనబడే పేరు తనదే ఉండాలని పరంజ్యోతి దావా వేశాడు. గుణింతాన్ని ఆ పరదాలో ఇమడ్చడానికి పడ్డ పాట్లు నిజంగా వాళ్లవే, నేను సాక్షిని. విచిత్రం, వాటికోసం ఎవడూ పోట్లాడలేదు. అరువు తెచ్చుకున్నదాని కోసమే జుట్టూ జుట్టూ పట్టుకున్నారు.

ముందు ఎవరు రాశారో ఫైళ్ల తేదీలు చెబుతాయని నన్ను రిక్షాలో కోర్టుకి మోసుకెళ్లారు. నా లోపలి గడియారం బ్యాటరీ ఏనాడో చచ్చింది. వెలిగించినప్పుడల్లా తేదీ అడిగేదాన్ని. శుభలేఖల హడావిడిలో ఇద్దరూ జవాబివ్వకుండా మీట నొక్కి ముందుకి పోయేవారు. తేదీ చెప్పకపోతే నా లెక్క 1980 జనవరి ఒకటి నుంచే మొదలు, అందుకని నాలో ఉన్న ప్రతి ఫైలూ ఆ రోజునే పుట్టింది.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "దీని ప్రకారం మీ షాపు పెట్టకముందే ఇది తయారైందే. పోనీ, ఇట్టాంటిది మీరు ముందెక్కడైనా చూశారా?"

హాలంతా నవ్వుతోంది. వాళ్లిద్దరూ మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాలా నెలల తర్వాత అదే చూసుకోవడం. ఒకడు నోరు విప్పితే రెండోవాడూ మునుగుతాడు.

"లేదండీ," అన్నాడు పరంజ్యోతి.

"లేదండీ," అన్నాడు గుప్తేశ్వరరావు.

ఆ అబద్ధంలో మాత్రం వాళ్లింకా భాగస్వాములే. నాకు తల కొట్టేసినట్లయింది. దావా కొట్టేశారు, గదికి తాళం పడింది.

అటక మీదా, పాత సామాన్ల కొట్టులోనూ ఏళ్లు గడిచాక ఒక కాలేజీవాళ్లు నన్ను తుడిచి అద్దాల బీరువాలో పెట్టారు. 'పరదా మొట్టమొదట పుట్టింది ఇందులోనే' అని పక్కన బోర్డు పెట్టి, ప్రారంభోత్సవానికి ఇద్దరినీ పిలిచారు. తెల్లజుట్టుతో వచ్చి చెరో పక్కనా నిలబడ్డారు.

ఒక విద్యార్థిని అడిగింది, "ఈ ఆలోచన ముందెవరికి వచ్చింది సార్?"

పరంజ్యోతి తల దించుకుని గుప్తేశ్వరరావును చూపించాడు. "ఆయనకేనమ్మా."

"నాకు కాదమ్మా," అన్నాడు గుప్తేశ్వరరావు కంగారుగా. "ఆయనకే."

ఎంత పెద్దమనసులో అని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు ఆగేదాకా ఇద్దరూ తలలెత్తలేదు.