వెనక సీటు

మా ముందుగదిలో ఉన్నది నిజానికి సోఫా కాదు, నా కారు వెనక సీటు. బరువు తగ్గితే కారు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుందని ఆమధ్య దాన్ని ఊడబెరికి ఇంట్లో గోడవారగా వేశాను. మా అక్కకి అది తెగ నచ్చేసింది. సాయంత్రం నేను కళ్ళద్దాల షాపు నుంచి వచ్చేసరికి దానిమీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని పేపరు చదువుతూ, అందులో ఫోటో పడినవాళ్ళందరినీ పేరుపేరునా తిడుతూ ఉండేది. బావ పోయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకు పెళ్ళి కాలేదు. కారుతోనే అయిపోయిందని అక్క అందరికీ చెబుతుంది.

నాకు కారు నేర్పింది ఆవిడే. నేర్పినన్నాళ్ళూ నెత్తిమీద మొట్టికాయలే. "క్లచ్చు మీద కాలేసి నిద్రపోతున్నావేంటే?" అని అరిచేది. అలాంటి మనిషి కారు ఎక్కడం మానేసింది. ఒకరోజు తనే నడుపుకుంటూ పెద్ద రోడ్డుమీద వెళ్తుంటే టైరు పేలి, కారు గిరగిరా తిరిగి మధ్యగోడకి కొట్టుకుంది. దెబ్బలు త్వరగానే మానాయి. కానీ ఆ తర్వాత కారు తలుపు తీస్తే చాలు, ముఖం పాలిపోయేది. ఎక్కడికైనా నడక, లేదంటే బస్సు. బస్సులో భయం లేదా అంటే, "అందులో ఏదైనా అయితే అందరం కలిసే పోతాంగా, తోడుంటుంది" అనేది.

ఇంతలో అక్క కూతురికి పాప పుట్టింది. వాళ్ళుండేది కొండమీది ఊళ్ళో. బస్సు కొండ కింద వరకే వెళ్తుంది, ఆ పైన కారే గతి. పాపని అప్పుడే ప్రయాణాలు చేయించొద్దన్నాడు డాక్టరు. అక్క రోజూ ఫోనులోనే మనవరాలిని చూసుకుంటోంది. ఒకరోజు మాట్లాడటం అయిపోయాక కూడా ఆరిపోయిన ఫోను వంక చూస్తూ కూర్చుండిపోయింది.

"నా కారులో వెళ్దాం అక్కా. నెమ్మదిగా తీసుకెళ్తా," అన్నాను.

అక్క కూర్చున్న సీటుని చేత్తో తట్టి, "ఇది తిరిగి పెట్టు. దీనిమీదైతే కూర్చోగలనేమో, అలవాటైంది," అంది. "ఊళ్ళోనే ఒక్కసారి తిప్పు. బాగుంటే కొండకి వెళ్దాం. కుదరకపోతే మాత్రం ఇంక ఈ జన్మలో నన్ను అడక్కు."

మా అక్క సంగతి నాకు తెలుసు. ఈ జన్మలో అంటే ఈ జన్మలోనే.

సీటు బిగించాను. అద్దాలు తుడిచాను. అక్క కళ్ళు మూసుకుని ఎక్కి నా వెనకాలే కూర్చుంది. మొదటి వీధి, రెండో వీధి బాగానే గడిచాయి. అద్దంలోంచి చూస్తే కళ్ళు తెరిచి దుకాణాలు చూస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిప్పానో లేదో, ఆవిడ సీటు కింద నుంచి బర్ర్‌ర్‌ మని చప్పుడు.

"ఆపు," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

దిగి, కొంగు నడుముకి బిగించింది. "ఆ రోజు కూడా ఇదే చప్పుడు చిన్నీ. ముందే విన్నాను. విని కూడా, ఏదో రాయిలే అని ఊరుకున్నాను." వెంటనే ఇంటివైపు నడక మొదలుపెట్టింది. నేను పక్కనే కారు పాకించుకుంటూ బతిమాలాను. నా కారూ వద్దు, నేనూ వద్దు అంది.

ఆ సాయంత్రం అదే మలుపులో ఒక్కదాన్నీ తిరిగి తిరిగి నా తల ప్రాణం తోకకొచ్చింది. చప్పుడు లేదు. అక్క ఉన్నప్పుడు మోగి, నేనొక్కదాన్నీ ఉంటే నోరుమూసుకుంటుందా? ఒళ్ళు మండి టైరుని ఒక్క తన్ను తన్నాను. టైరుకేం కాలేదు, నా కాలి బొటనవేలు వాచింది.

ఆదివారం కోసం ఎదురుచూశాను. ఆదివారం పొద్దున్నే మా కార్ల పిచ్చోళ్ళమంతా మూతపడిన గిడ్డంగుల ముందున్న సిమెంటు ఆవరణలో చేరతాం. యజమాని అనుమతితోనే. ప్లాస్టిక్ కోన్లు వంకర్లుగా పేర్చి, వాటి మధ్య నుంచి ఎవరు త్వరగా బయటపడతారో చూసుకుంటాం. అక్కడ మాకొక నియమం ఉంది. తిరిగేటప్పుడు కారులో నడిపే మనిషి తప్ప ఇంకేమీ ఉండకూడదు. నీళ్ళసీసాతో సహా అన్నీ గోడ పక్కన దించేస్తాం. కాబట్టి నేనూ ఆ ఉదయం వెనక సీటు మళ్ళీ విప్పి, ఇంట్లో గోడవారగా పెట్టి మరీ బయల్దేరాను. అది చూసి అక్క, "దాని చోటు అదేలే," అంది.

విషయం చెప్పగానే మిగతా ముగ్గురూ నా కారు మీద పడ్డారు. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే మాస్టారిని మేం సస్పెన్షన్ మాస్టారంటాం. ఇంట్లో పాలు విరిగినా సస్పెన్షన్ వల్లే, అంటే కారు కింది స్ప్రింగుల వల్లేనంటాడాయన. "ఇందులో అనుమానమేముందమ్మా? సస్పెన్షనే," అన్నాడు చేతులు కట్టుకుని.

బేకరీ అన్నయ్య నేలమీద బోర్లా పడుకుని కిందకి తొంగిచూశాడు. భారీ మనిషి, లేవడానికి ఇద్దరు సాయం పట్టాలి. "కాదు కాదు, సైలెన్సరు గొట్టం కొట్టుకుంటోంది. నాకూ అలాగే అయితే రబ్బరు మార్చాను," అన్నాడు.

టైర్ల షాపు బాబాయి మాత్రం పుచ్చకాయలు ఎంచుకునేవాడిలా నాలుగు టైర్లనీ వేళ్ళతో కొట్టి చూశాడు. "వెనక గాలి కొంచెం ఎక్కువుంది. ఎండకి రోడ్డు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. తగ్గిస్తే పట్టు కూడా బాగుంటుంది."

"చప్పుడు సంగతి చెప్పు బాబాయ్. పట్టు సంగతి తర్వాత."

గాలి తగ్గించారు. మాస్టారు నడిపాడు, అన్నయ్య నడిపాడు, బాబాయీ నడిపాడు. ఒకరి తర్వాత ఒకరు, ఒక్కొక్కరే. కోన్లు ఎగిరాయి, టైర్లు కీచుమన్నాయి, ఆ బర్ర్ మాత్రం లేదు. పైగా దిగిన ప్రతివాడూ కారు ఎంత బాగా తిరుగుతోందో చెప్పి మెచ్చుకోవడం!

"కారుకేం లేదమ్మా. మీ అక్కగారు భయపడ్డారు, అంతే," అన్నాడు మాస్టారు.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. "మా అక్కకి భయం ఉంది గానీ చెవుడు లేదు మాస్టారూ! నా చెవులతో నేనూ విన్నాను," అన్నాను. ఆయన గతుక్కుమన్నాడు. కానీ లోపల్లోపల నాకూ ఏడుపొచ్చేలా ఉంది. చప్పుడు దొరక్కపోతే ఏ ముఖం పెట్టుకుని మళ్ళీ అడగను?

ఇంటికి వెళ్ళే వేళకి బేకరీ అన్నయ్య కారు ముందు టైరు ఇనపముక్క మీదెక్కి నిలువునా చీరుకుపోయింది.

"స్టెప్నీ తీయండి, మార్చేద్దాం," అన్నాను.

"స్టెప్నీయా? బరువని తీసేశాగా."

"మాస్టారూ, మీది?"

మాస్టారు ఆకాశం వైపు చూశాడు. అందరం బాబాయి వైపు తిరిగాం. ఊళ్ళో సగం మందికి టైర్లమ్మే ఆ మహానుభావుడు గొంతు సవరించుకుని, "షాపులో ఉంది," అన్నాడు.

అన్నయ్యకి వచ్చిన చిక్కు టైరు ఒక్కటే కాదు. దారిలో కొనుక్కొచ్చిన పిండి మూటలు గోడ పక్కన ఉన్నాయి. అవి వెళ్తేగానీ సాయంత్రానికి రొట్టెల్లేవు. "నా కారులో వేయండి. వెనకంతా ఖాళీనేగా," అన్నాను. సీటు ఉండాల్సిన చోట మూటలు పేర్చాం. అన్నయ్య ముందు కూర్చున్నాడు. ఆవరణ గేటు దాటి మలుపు తిప్పాను.

బర్ర్‌ర్‌.

"వచ్చింది!" అని వెర్రికేక వేశాను. అన్నయ్య గుండె పట్టుకున్నాడు. నా జన్మలో చెడ్డ చప్పుడు విని అంత సంతోషించింది లేదు. బండి ఆపి దూకాను. వెనక నుంచి బాబాయీ మాస్టారూ పరిగెత్తుకొచ్చారు. వెనక చక్రం దగ్గర నలుగురం గొంతుక్కూర్చున్నాం. టైరు భుజం మీద సన్నటి గీత మెరుస్తోంది. పైన చక్రాన్ని కప్పే రేకు అంచున రంగు లేచిపోయింది.

బాబాయి ఆ గీతమీద గోరు పెట్టి చూశాడు. "వెడల్పు టైర్లు వేశావు. చక్రాల్ని బయటికి జరిపావు. స్ప్రింగులు పొట్టివి పెట్టించావు. నువ్వొక్కదానివే ఉన్నంతసేపు ఏం కాదు. వెనక బరువు పడిందా, మలుపులో రేకు దిగి టైరుని కోస్తుంది. ఇలాగే కొండెక్కి ఉంటే ఏమయ్యేదో! మీ అక్క దిగి మంచిపని చేసింది."

"నేను చెప్పలేదూ?" అన్నాడు మాస్టారు వెలిగిపోతూ. "సస్పెన్షనే అని!" ఇన్నేళ్ళలో ఆయన మాట నిజమైంది అదే మొదటిసారి. ఎవరం కాదనలేకపోయాం.

నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ కారుకి ఏం చేయాలా అని ఎన్ని ఆదివారాలు ఆలోచించానో! దాని వెనకాల ఒక మనిషి కూర్చుంటుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. చప్పుడు వెతకడానికి వచ్చిన రోజు కూడా సీటు పీకేసి వచ్చిన ఘనురాలిని. సిగ్గేసింది.

కంపెనీవాళ్ళ స్ప్రింగులు నా మంచం కిందే ఉన్నాయి. అవే మళ్ళీ వేసి, చక్రాల్ని లోపలికి జరిపించేస్తానన్నాను. మాస్టారు బుర్ర గోక్కున్నాడు. "రేకు అంచు కాస్త మడిస్తే సరిపోదూ? ఈసారి అందరికన్నా నువ్వే ముందున్నావు. ఆ స్ప్రింగులేస్తే పడవలా ఊగుతుంది. నా చేతిలో ఓడిపోతావు."

"ఓడిపోతాను మాస్టారూ. మీరే గెలవండి, పుణ్యముంటుంది."

మాస్టారు అలా అన్నాడే గానీ, ఆ మధ్యాహ్నం బాబాయి షాపులో చొక్కా చేతులు మడుచుకుని స్ప్రింగులు బిగించింది ఆయనే. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. గీత పడ్డ టైరు బాబాయి మార్చాడు. అన్నయ్య మూటలు దించి రాగానే, చప్పుడు పోయిందో లేదో చూడటానికి ఆ భారీ మనిషినే సీటు లేని వెనక భాగంలో కుదేసి ఊరంతా తిప్పాం. చప్పుడు లేదు. అన్నయ్యకి మాత్రం కునుకు పట్టింది.

ఇంటికెళ్ళి అక్క ముందు నిలబడ్డాను. "చప్పుడు దొరికింది."

పేపరు దించలేదు. "ఏమిటట?"

"నువ్వు కూర్చుంటేనే వస్తుంది."

పేపరు దిగింది. "అంటే? నేనంత లావయ్యాననా?"

"అది కాదక్కా. పిండి మూటలు వేసినా వచ్చింది."

"అహా! ఇప్పుడు పిండి మూటనా?"

తల పట్టుకుని, ఆవిడ ఎదురుగా నేలమీద కూలబడి మొత్తం చెప్పాను. వెడల్పు టైర్లు, పొట్టి స్ప్రింగులు, కోసుకుపోయిన గీత, అన్నీ. "నువ్వు విన్నది నిజమే అక్కా. దిగి మంచిపని చేశావన్నాడు బాబాయి. దిగకపోతే టైరు కోసుకుపోయేదే."

అక్క కళ్ళు చెమర్చాయి. ఆ ప్రమాదం అయినప్పటి నుంచి అందరూ, నాతో సహా, "అదంతా నీ ఉత్త భయం" అనే చెబుతూ వచ్చాం. నీ భయంలో నిజముందని ఒక్కరూ అనలేదు. ఆవిడ ముక్కు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, "చూపించు," అంది.

నేను సీటు తెచ్చి బిగించేలోపు, ఆవిడ కారు పక్కన వంగి, టైరుకీ రేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. అరచెయ్యంతా దూరింది. నాలుగు చక్రాలకీ అలాగే చూసి, వెనకాల ఎక్కి కూర్చుంది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

నీళ్ళ ట్యాంకు మలుపు తిప్పాను. ఏమీ లేదు.

"ఇంకోసారి," అంది. మళ్ళీ తిప్పాను. "ఇంకోసారి. కొంచెం వేగంగా." తిప్పాను. అప్పుడు, "ఆపు," అంది.

ఆపాను. ఆవిడ దిగి, చుట్టూ తిరిగి నా తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"దిగు."

"ఇప్పుడేమైంది అక్కా? చప్పుడు రాలేదు కదా!"

"నాకు రాలేదు. నువ్వు నాకన్నా లావు. నువ్వు వెనక కూర్చుని విను. నీ బరువుకి కూడా రాకపోతే ఇంక రాదు. నేను నడుపుతా."

దిగి వెనకాల కూర్చున్నాను. నా కారులో వెనకాల కూర్చోవడం నాకదే మొదటిసారి. అక్క సీటు ముందుకి జరుపుకుంది. అద్దం సరిచేసుకుంది. స్టీరింగు మీద చేతులు పెట్టి, గేరు వేసింది. కారు కదిలింది.

"క్లచ్చేంటే ఇంత బిగుసుకుపోయింది? దీన్ని తొక్కాలా, దీంతో కుస్తీ పట్టాలా?" అంది.

ట్యాంకు మలుపు వచ్చింది. నాకన్నా నున్నగా తిప్పింది. చప్పుడు లేదు. ఇంటి వీధి కూడా వచ్చింది. ఆవిడ అటు తిప్పకుండా నేరుగా పోనిచ్చింది.

"అక్కా, ఇల్లు దాటిపోయాం."

"తెలుసు. చప్పుడేమైనా వస్తోందా?"

"లేదు."

"అయితే అమ్మాయికి ఫోను చేసి, అమ్మమ్మ వస్తోందని చెప్పు. పాపని నిద్రపుచ్చొద్దను."

నేను వెనక సీటులో కూర్చుని, కళ్ళు తుడుచుకుని, ఫోను తీశాను.