కత్తెర పట్టే ముందు నిమ్మపాలు

ఫోనులో కోడలు పూర్ణిమ అడిగింది కండెన్స్‌డ్ మిల్క్. సూర్యాపేట బస్టాండు గోలలో మామ పెద్దయ్య చెవిన పడింది కండక్టర్ మిల్క్. గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు కొనడానికి ఆత్మకూరు నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి, ఆగి ఉన్న మిర్యాలగూడ బస్సెక్కి కండక్టరు సుకన్య ముందు చెయ్యి చాపాడు.

"పాలియ్యమ్మా. మా కోడలు తెమ్మన్నది. నీ తాన్నే ఉంటయట."

"నా తాన టికెట్లుంటయి పెద్దాయనా. పాలు గావాల్నంటే బర్రెనడుగు!"

బస్సంతా నవ్వింది. సుకన్యే అతని ఫోనులోంచి కోడలికి కలిపి కనుక్కుంది. "గది డబ్బాల వస్తది. తియ్యగ, చిక్కగ ఉంటది. కిరాణంల అడుగుపో" అని దింపింది. ఆ చిక్కు అలా విడిపోయింది. చిక్కటి పాలతో అసలు చిక్కు ఇంటి దగ్గరుంది.

ఇంటి పందిరి కింద గొర్ల బొచ్చు కత్తిరించే వెంకటేశం, అతని మనుషులు నలుగురు కూర్చుని ఉన్నారు. దొడ్లో ఎనభై గొర్లు ఒగరుస్తున్నాయి. మొన్నటి ఎండకు రెండు కూలబడ్డాయి. ఇవాళ కత్తిరింపు కాకపోతే వీళ్లు రేపు పెద్దవూర పోతారు, మళ్లీ వచ్చేది నెలకు. అప్పటిదాకా ఎన్ని గొర్లు నిలబడతాయో పెద్దయ్యకు తెలియదు. అయినా ఉన్ని మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంది. ఎందుకంటే ఇంటివాళ్లిచ్చిన మజ్జిగ, అదే సల్ల, తాగనిదే వాళ్లు కత్తెర పట్టరు, అది వాళ్ల కట్టుబాటు. పెరుగు గురిగిని పిల్లి దొర్లించింది, పొద్దుటి పాలు డైరీకి పోయాయి.

"సల్ల లేకపోతే సల్లటిదేదైనా సరేనన్నారు మామయ్యా, నేను చూసుకుంటాను" అంది కోదాడ కోడలు, డబ్బా అందుకుంటూ.

"సూసుకో బిడ్డా. గొర్లు నన్నే సూస్తున్నయి" అన్నాడు పెద్దయ్య.

పూర్ణిమ వసారాలోనే మిక్సీ పెట్టింది. నిమ్మకాయలను తొక్కతోనే నాలుగేసి ముక్కలు కోసి, గింజలు తీసి, నీళ్లు పోసి రెండే తిప్పులు తిప్పింది. మూడో తిప్పుకు తొక్క చేదు దిగుతుందట. వడగట్టింది. ఐసు వేసింది. డబ్బా పాలు వంచింది.

వెంకటేశం దిగ్గున లేచాడు. "ఏందమ్మా, పాలల్ల నిమ్మకాయనా? కత్తెర పట్టే దినం పాలు ఇరిగిన ఇంట్ల మంద ఇరుగుతది! ఏ, లేవుండ్రి, సంచులు సర్దుండ్రి."

నలుగురూ లేచారు. పెద్దయ్య భార్య రేణుకమ్మ వైపు చూశాడు. ఆమె నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "నీ కోడలే" అన్నట్టుందా చూపు. పెళ్లిచూపులకు ఇద్దరూ కలిసే వెళ్లారు గానీ, ఇలాంటి వేళ కోడలు ఒక్కరికే చెందుతుంది.

"వెళ్దురుగాని బాబాయ్, విరిగాయో లేదో చూసి వెళ్లండి" అంటూ పూర్ణిమ స్టీలు గ్లాసు వెంకటేశం చేతిలో పెట్టింది.

వెంకటేశం గ్లాసును వెలుగుకు వంచాడు. నీరు నీరుగా, ముక్క ముక్కగా విడిపోలేదు. ఉన్ని నాణ్యం చూసే రెండు వేళ్లూ ముంచి రుద్ది చూశాడు. పలుకు తగల్లేదు, వేళ్లు మీగడ పూసినట్టు జారాయి. వెంకటేశం ఒక గుక్క మింగాడు. ఆగాడు. గ్లాసు ఖాళీ చేశాడు.

"మరి ఎందుకు ఇరగలే?"

"ఇవి మామూలు పాలు కావు బాబాయ్. నీళ్లు ఇగిరేదాకా మరిగించి, చక్కెర కలిపి డబ్బాలో పెడతారు. పులుపు పడితే ఇంకా చిక్కబడతాయి. అయితే ఎక్కువసేపు ఉంచకూడదు, ఇప్పుడే తాగెయ్యాలి."

వెంకటేశం ఖాళీ గ్లాసు మళ్లీ చాపి, తన వాళ్ల వైపు తిరిగాడు.

"ఏ, కూసోండ్రి! గివి ఇరిగిన పాలు గావు, ముందే మరిగిన పాలట. జల్దీ తాగుండ్రి, మొదటి గొర్రెను పట్టుకరాండ్రి."