ఇద్దరు పెద్దలు, ఒక గది

స్వీడన్‌లోని హార్నోసాండ్ ఊళ్లో ఆ నాలుగంతస్తుల ఇంటివాళ్లది ఒకటే పద్ధతి. బయటికెళ్లే ముందు తలుపుకు చెవి ఆనించి, మెట్ల మీద ఎవరూ లేరని తేలాకే గొళ్లెం తీస్తారు. ఎదురుపడితే పలకరించాలి కదా, ఎందుకొచ్చిన గొడవ! రెండో అంతస్తు తోర్గ్నీకి అరవై ఎనిమిదేళ్లొచ్చినా అదే అలవాటు. అతను అలా చెవి పెట్టి నిలబడితే వెనక భార్య గున్వోర్ నవ్వేది. ఆమె పోయి నాలుగేళ్లయింది.

రోజూ పొద్దున్నే కాఫీ పెట్టుకుని ప్రయాణాల సైట్లు తెరుస్తాడు. ఎవరెవరో రాసిన బ్లాగులన్నీ చదువుతాడు. ఏ ఊళ్లో బస్సు ఎన్నింటికో, ఏ హోటల్లో దుప్పటి పల్చనో అన్నీ నోటికొచ్చు. ఊరు దాటింది మాత్రం లేదు. అయినా చదివిన ఊరి మట్టి మర్నాటికి అతని బూట్లలోకి వచ్చి చేరేది. గ్రీసయితే తెల్ల గులకలు, స్కాట్లాండయితే తడి మట్టి. నడుస్తుంటే మెట్ల నిండా రాలేది. మట్టి వచ్చినందుకు ఎవరికీ పేచీ లేదు, ఊడవనందుకే. ఒకసారి ఇంటివాళ్లందరూ బట్టలుతుక్కునే గదిలో పేరు లేని చీటీ అంటించారు: "మొరాకో తెచ్చినవాళ్లు చీపురు కూడా తెచ్చుకోవలసింది." తోర్గ్నీ చీపురు తెచ్చి ఊడ్చాడు.

ఈ వసంతంలో డాక్టరమ్మ అతని మోకాలు నొక్కి చూసి, కొండలెక్కాలనుంటే ఈ ఏడే ఎక్కమంది. గున్వోర్ చూడాలని ముచ్చటపడ్డది అజోర్స్ దీవుల కొండలు. వాటి గురించి మూడు రోజులు చదివి, మెట్ల మీద నల్ల ఇసుక రాల్చి, టికెట్ కొందామని కూర్చున్నాడు. సైటు ఎప్పట్లాగే తనంతట తానే చూపించింది: ఇద్దరు పెద్దలు, ఒక గది. ఆ ఇద్దర్ని ఒకరు చేయాలి. వేలు ఆడలేదు. తన చేత్తో తనే గున్వోర్‌ని చెరిపేస్తున్నట్టనిపించి ఏడుపొచ్చింది. ఇక ఎక్కడికీ వద్దనుకుని కంప్యూటర్ మూసేశాడు. వారమంతా దాని జోలికి పోలేదు.

ఎనిమిదో రోజు చూస్తే మెట్ల నిండా నల్ల ఇసుక. తన బూట్లు దులిపి చూశాడు, రేణువు లేదు. చీపురు పట్టుకుని ఇసుక వెంట పైకెళ్తే, అది మూడో అంతస్తు మాయ్‌లీస్ గుమ్మం దగ్గర ఆగింది. లైబ్రరీలో పనిచేసి మానేసిన మనిషి. ఆరేళ్లుగా నెత్తిమీద ఆమె అడుగులు వింటున్నాడు గానీ మొహం సరిగ్గా చూసింది లేదు. తలుపవతల ఊపిరి వినబడింది. మెట్లు ఖాళీ అయ్యేదాకా ఆగుతోంది పాపం. వెళ్లిపోదామనుకుని మళ్లీ ఆగి, తలుపుతోనే మాట్లాడాడు.

"ఇది అజోర్స్ ఇసుక. మీరూ చదువుతున్నారా?"

తలుపు బెత్తెడు తెరుచుకుంది.

"ఆ చీటీ రాసింది నేనే," అంది మాయ్‌లీస్. "రాసినప్పట్నుంచీ మీరు చదవడం మానేస్తారేమోనని భయం. ఈ వారం మెట్లు శుభ్రంగా ఉండేసరికి మనసు ఊరుకోలేదు. కిందికొచ్చి అడుగుదామంటే ధైర్యం చాల్లేదు. చివరిసారి మీ బూట్లలోంచి రాలింది నల్ల ఇసుక కదా, ఏ ఊరిదో వెతికి నేనే చదవడం మొదలుపెట్టాను."

తోర్గ్నీ చీపురు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"అక్కడి కొండలెక్కడానికి నా మోకాలు ఈ ఏడే పనికొస్తుందట," అన్నాడు.

"విమానంలో కిటికీ పక్క సీటు నాది," అంది ఆమె.

ఇద్దరూ కలిసి కింద దాకా మెట్లు ఊడ్చారు. తర్వాత తోర్గ్నీ ఇంటికొచ్చి కంప్యూటర్ తెరిచాడు. ఇద్దరు పెద్దల్ని అలాగే ఉంచి, గదులు రెండు చేశాడు.