ఆజం నోట్లో మాట

తిరువూరు చుట్టుపక్కల మామిడికాయ కోతలు అయిపోగానే ఆజంకి చేతినిండా పని ఉండేది. గుబురుగా పెరిగిన తోటల్లో ఎండు కొమ్మలూ, అడ్డం వచ్చిన కొమ్మలూ కోసిపెట్టేవాడు. అతను కోసిన కొమ్మ మాత్రం వెంటనే పడేది కాదు. తెగినచోటే గాల్లో ఆగి, పిలిచేదాకా ఉండేది. ఆజం తీరిగ్గా బీడీ కాల్చుకుని, కింద మేకలూ మనుషులూ ఎవరూ లేరని చూసుకుని, "రా" అనేవాడు. అప్పుడు పడేది. కూలి మాట్లాడుకునేటప్పుడు కూడా ఆ సంగతి ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కొందరి చేతికి పెరుగు గట్టిగా తోడుకుంటుంది, ఇతనికి కొమ్మలు ఆగుతాయి, అంతే.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఒక చెడ్డ అలవాటు ఉండేది. ఎటూ ఆగుతుంది కదా అని సరిగ్గా కొమ్మ కిందే నిలబడి కోసేవాడు. గంపలగూడెం రోడ్డులో తోట ఉన్న ప్రమీలారాణి ఒక బ్యాటరీ రంపం కొనితెచ్చింది. పొడుగాటి గొట్టం, దాని చివర చిన్న గొలుసు రంపం. వైరు లేదు, నిచ్చెనతో పనిలేదు. అమ్మినవాడు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆవిడ ఆజంకి అప్పజెప్పింది. హెల్మెట్టూ కళ్ళద్దాలూ పెట్టుకోవాలట, గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని పక్కకి నిలబడాలట, లావు కొమ్మకి ముందు కిందివైపున ఒక గాటు పెట్టాలట, కరెంటు తీగల దరిదాపులకి పోకూడదట. ఆజం నవ్వాడు.

"అవన్నీ మాట వినని కొమ్మలకమ్మా."

పక్కనే పుల్లలు ఏరుతున్న అతని భార్య కౌసర్ కూడా నవ్వింది.

పోయిన చలికాలం ఆజంకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. రోజూ మాట్లాడించే ప్రయత్నం చెయ్యమని విజయవాడ డాక్టరు చెప్పాడు. పొద్దున్నే కౌసర్ ఎదురుగా కూర్చుని, అమ్మ అనండి, ఆకు అనండి అని బతిమాలేది. ఆజం నోరు తెరిచేవాడు, గాలి వచ్చేది. ఒక్క మాట చాలు, తిట్టినా పర్వాలేదు అని ఏడ్చేది. ఏడ్చి, లేచి టీ పెట్టేది.

ఇల్లు గడవాలి కదా. కోతలయ్యాక కౌసరే రంపం పట్టింది. ఇంట్లో కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేక మొగుణ్ణి కూడా ఆటోలో తోటకి తెచ్చి, గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రమీలారాణి జాగ్రత్తలన్నీ మళ్ళీ చెప్పి ఇంటికెళ్ళింది. కౌసర్ అన్నిటికీ తలూపింది. కానీ ఇన్నేళ్ళుగా కళ్ళు చూసిందే చేతులు చేస్తాయి. ఆవిడ మాట కోసం హెల్మెట్టు పెట్టుకుంది. కళ్ళద్దాలు చెమటకి మసకేస్తున్నాయని మెడలో వేలాడేసుకుంది. నేరుగా కొమ్మ కిందికెళ్ళి నిలబడింది.

కొమ్మలు ఆగలేదు. తెగినవి తెగినట్టే టపటపా రాలుతున్నాయి, ఆమె భుజాలకి రాసుకుంటూ పడుతున్నాయి. మాటతోపాటే అదీ పోయింది కాబోలనుకున్నాడు ఆజం. పక్కకి జరగమని ఎడమచెయ్యి ఊపాడు. ఆమె ఇటు వీపు పెట్టి ఉంది. ఒక్కో కొమ్మ పడుతుంటే అతని ప్రాణం పోయి వస్తోంది.

చివరికి లావు కొమ్మకి రంపం ఆనించింది. కింద గాటు పెట్టలేదు. జలజలా రాలిన పొట్టు కళ్ళల్లో పడి ఆమె తల వంచుకుంది. అదే క్షణంలో కొమ్మ తెగింది. ఆజం గొంతులో, ఇన్ని నెలల తర్వాత, ఒక మాట లేచింది.

కొమ్మకి పాత అలవాటు గుర్తొచ్చింది. కౌసర్ హెల్మెట్టుకి మూరెడు పైన ఆగి, పిలుపు కోసం చూస్తోంది.

కానీ ఆజంకి వచ్చిన మాట ఒక్కటే, రా. జీవితమంతా ఎక్కువసార్లు అన్నది అదే. జరుగు, తప్పుకో, అలాంటి మాట ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు. రా అంటే ఆమె వస్తుంది, కానీ ఆమెకన్నా ముందు కొమ్మ వస్తుంది. పళ్ళు బిగించాడు.

కౌసర్ రంపం ఆపి పక్కన పడేసి, కళ్ళు నలుపుకుంటూ అక్కడే చతికిలబడింది.

"తెగిందా ఏంటండీ? చప్పుడే రాలేదు."

అతని చూపు గాల్లో ఆగిన కొమ్మ మీదే ఉంది.

"మిమ్మల్నే. ఊఁ అనైనా అనండి."

నోరు తెరిస్తే ఆ మాట జారిపోతుందని ఊఁ అని కూడా అనలేకపోయాడు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి. కుర్చీ పక్కన స్టీలు క్యాను ఉంది, సాయంత్రం దాకా తాగే నీళ్ళు అవే. బాగున్న ఎడమకాలితో దాన్ని తన్నాడు. క్యాను దొర్లి నీళ్ళు గలగలా పారాయి.

నీళ్ళు పోతున్న చప్పుడు వింటే ఏ ఆడమనిషి కూర్చుంటుంది? కౌసర్ కళ్ళు తెరవకుండానే చప్పుడుకేసి తడబడుతూ పరిగెత్తుకొచ్చింది. క్యాను తడిమి నిలబెట్టి, అడుగున మిగిలిన నీళ్ళతో కళ్ళు కడుక్కుంటూ, మాటతోపాటు బుద్ధి కూడా పోయిందా అని ఎడాపెడా తిట్టింది. ఆజం తిట్టనిచ్చాడు. ఆమె వెనకాల చెట్టు కింద మేకలూ మనుషులూ ఎవరూ లేరని చూసుకున్నాడు.

"రా."

కౌసర్ చేతిలో క్యాను జారిపోయింది.

"వచ్చాగా," అంది ఏడుస్తూ. "ఇక్కడే ఉన్నాగా."

వెనక నేల అదిరింది. తిరిగి చూసింది. తను కూర్చున్నచోట ఆకులు తప్ప ఏమీ కనబడలేదు. కొమ్మని చూసింది, మొగుణ్ణి చూసింది. తర్వాత మెడలో వేలాడుతున్న కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది.

ఇప్పుడు ఇద్దరూ కలిసే పనికి వెళ్తున్నారు. ఆమె పక్కకి నిలబడి కోస్తుంది, అతను చూసుకుని పిలుస్తాడు. ఆజంకి ఇంకో మాట రాలేదు. వస్తుందని డాక్టరు కూడా చెప్పడం లేదు. ఇంట్లో మాత్రం అప్పుడప్పుడు కౌసర్, నన్నోసారి పిలవండి అని అడుగుతుంది. పిలుస్తాడు. కానీ ముందు ఆమె తలపైకి, ఇంటికప్పు దాకా ఒకసారి చూస్తాడు. అతను చూడటం అయ్యేదాకా ఆమె కదలకుండా నిలబడుతుంది.